బొగొటాలో ఇంకో మోనాలిసా

కొలంబియా వెళ్తున్నానంటే మావాళ్లలో కొందరు కాఫీ గురించి అడిగారు, ఇంకొందరు మాదకద్రవ్యాల ముఠాల గురించి భయపెట్టారు. నేను బయల్దేరింది మాత్రం ఒక బొమ్మ కోసం. లియొనార్డో డావిన్చి మోనాలిసాను ఫెర్నాండో బొటెరో తన పద్ధతిలో మళ్లీ వేసిన కాన్వాసు ఆ దేశపు రాజధాని బొగొటాలో, టికెట్టు అక్కర్లేని మ్యూజియంలో ఉంది. పుస్తకాల్లో ఆ బొమ్మ కంటబడ్డప్పుడల్లా ఒకటే సందేహం పీడించేది. బూరెల్లాంటి బుగ్గలతో, కాన్వాసు పట్టనంత ముఖంతో ఉన్న ఈమె వెక్కిరింపా, వందనమా? అరచేతంత అచ్చుబొమ్మను చూసి తేల్చుకోగల విషయం కాదది. ఎదురుగా వెళ్లి నిలబడాల్సిందే.

మయామిలో విమానమెక్కితే నాలుగు గంటల్లోపే ఎల్ డొరాడో విమానాశ్రయంలో దిగుతాం. బొగొటా సముద్రమట్టానికి సుమారు 2,600 మీటర్ల ఎత్తున ఉంది, మన ఊటీ కంటే ఎత్తు. భూమధ్యరేఖకు అంత దగ్గరగా ఉన్నా ఏడాది పొడుగునా స్వెటర్ లేనిదే సాయంత్రం గడవదు. ఊరికి తూర్పున గోడ కట్టినట్టు ఆండీస్ కొండలు, వాటిమీద మోన్సెరాతే శిఖరం, దాని నెత్తిన తెల్లటి చర్చి. దారి తప్పినవాళ్లకు ఆ కొండలే గుర్తు. కొండలవైపు నడుస్తున్నామంటే తూర్పుకు వెళ్తున్నామని అర్థం.

నేను గది తీసుకున్నది లా కాండెలారియా పేటలో. స్పెయిన్ వాళ్ల పాలననాటి పాతబస్తీ అది. పెంకుటిళ్లు, చెక్క బాల్కనీలు, పసుపు, నీలం, ఇటుకరంగు పూసిన గోడలు, ఆ గోడల మీద ఇప్పటి కుర్రకారు వేసిన నిలువెత్తు బొమ్మలు. వీధులు ఏటవాలుగా కొండమీదికి ఎక్కుతూ పోతాయి. రెండు వీధులు ఎక్కేసరికి నాకు ఊపిరి అందలేదు. ఇంటావిడ నన్ను చూసి నవ్వి, కుర్చీ చూపించి, వేడివేడి ఆగ్వాపనేలా గ్లాసు చేతికిచ్చింది. పనేలా అంటే అచ్చంగా మన బెల్లమే. చెరకురసం కాచి అచ్చు పోసిన దిమ్మ. దాన్ని నీళ్లలో కరగబెట్టి వేడిగా తాగుతారు. పక్కన చిన్న పళ్లెంలో తెల్లటి జున్నుముక్క పెట్టి, గ్లాసులో వెయ్యమని సైగ చేసింది. వేశాను. కాసేపటికి ముక్క మెత్తబడి సాగింది. తీపీ ఉప్పూ కలిసిన ఆ రుచితో గుండెదడ కాస్త తగ్గింది. బొటెరో మ్యూజియానికి వచ్చానని ఆమె కూతురు ఇంగ్లిషులో విని తల్లికి చెబితే, ఆమె కిటికీలోంచి చెయ్యి చూపించింది. అక్కడికి నాలుగు అడుగుల దూరం.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. పాతకాలపు లోగిలి లాంటి రెండంతస్తుల భవనం అది. ఒకప్పుడు ఆర్చిబిషప్పు నివాసం. మధ్యలో పచ్చని ముంగిలి, అందులో నీళ్లు చిమ్మే రాతి కుండీ, చుట్టూ వరండాలు, వరండాల్లోకి తెరుచుకున్న గదులు. లోపలికి అడుగుపెట్టగానే బొటెరో పోతపోసిన కంచు చెయ్యి ఒకటి ఆకాశంవైపు వేళ్లు చాచి నిలబడి ఉంటుంది. సందర్శకులంతా దాని పక్కన ఫొటో దిగుతున్నారు. సంచి తనిఖీ చేసిన కుర్రాడు టికెట్టు అడగలేదు. ఇక్కడ ఎవరినీ అడగరు. కొలంబియాకు మన రిజర్వు బ్యాంకు లాంటిదైన బాంకో దె లా రెపూబ్లికా ఈ మ్యూజియాన్ని నడుపుతోంది. బొటెరో 2000లో తన బొమ్మలు, శిల్పాలు 123, తాను జీవితమంతా కూడబెట్టుకున్న ఇతరుల కళాఖండాలు మరో 85 దేశానికి రాసిచ్చేశాడు. పికాసో, మోనే, రెన్వా, డాలీ, షగాల్, మీరో, ఫ్రాన్సిస్ బేకన్ ఆ జాబితాలో ఉన్నారు. ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో తానే దగ్గరుండి చూసుకున్నాడు. ప్రవేశం ఉచితంగా ఉండాలన్నది ఆయన పట్టుబట్టిన షరతు.

ఆ షరతు వెనక ఆయన బాల్యం ఉంది. బొటెరో 1932లో మెడెలిన్‌లో పుట్టాడు. తండ్రి గుర్రంమీద ఊళ్లు తిరిగి సరుకులమ్మే వ్యాపారి, కొడుకుకు నాలుగేళ్లు నిండేసరికి పోయాడు. తల్లి బట్టలు కుట్టి పిల్లల్ని పెంచింది. మేనమామ ఎద్దులపోరు నేర్చుకోమని పంపితే, పిల్లవాడు ఎద్దుల్ని పొడవడం మానేసి వాటి బొమ్మలు గీశాడు. ఆ రోజుల్లో మెడెలిన్‌లో ఒక పిల్లవాడు చెప్పుకోదగ్గ చిత్రం ఎదురుగా చూసే వీలే లేదు. చర్చిల్లోని విగ్రహాలు, పుస్తకాల్లోని అచ్చులు, అంతే. ఐరోపా మహాచిత్రకారులంతా ఆయనకు ముందు పరిచయమైంది అచ్చుకాగితం మీదే. 1952లో బొగొటా జాతీయ కళాప్రదర్శనలో రెండో బహుమతి వచ్చింది. ఆ డబ్బుతో ఓడెక్కి స్పెయిన్ వెళ్లాడు. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో వెలాస్కెజ్, గోయా బొమ్మలకు నకళ్లు గీస్తూ చెయ్యి తిప్పుకున్నాడు. అక్కడినుంచి పారిస్, పారిస్ నుంచి 1953లో ఫ్లోరెన్స్. అప్పటికి ఆయనకు ఇరవై ఒక్కేళ్లు. కుడ్యచిత్రాలు వేసే పద్ధతి, అంటే తడి సున్నంమీద రంగు పట్టించే ఫ్రెస్కో పని, అక్కడే నేర్చుకున్నాడు. స్కూటరు మీద చుట్టుపక్కల ఊళ్లు తిరిగి పియెరో దెల్లా ఫ్రాంచెస్కా బొమ్మలు ఎక్కడెక్కడున్నాయో వెతుక్కున్నాడు.

ఈ పియెరో పేరు గుర్తుపెట్టుకోవాలి. బొగొటాలోని మోనాలిసా లియొనార్డోకు ఎంత బాకీపడిందో, పియెరోకు అంతకంటే ఎక్కువ బాకీపడింది. కొన్నేళ్ల కిందట ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ గ్యాలరీలో ఆయన వేసిన జంటచిత్రం ముందు చాలాసేపు ఆగిపోయాను. ఊర్బినో పాలకుడు ఫెదెరీకో ద మోంతెఫెల్త్రో, ఆయన భార్య బాతిస్తా స్ఫోర్జా, నాణెం మీద రాజముద్రల్లా ఒకరికెదురుగా ఒకరు పక్కకు తిరిగి ఉంటారు. ఒక్కో చెక్కపలక ఎత్తు 47 సెంటీమీటర్లే. బాతిస్తా ముఖం సున్నం పూసినంత తెలుపు. నాటి ఫ్యాషన్ ప్రకారం నుదుటి వెంట్రుకలు పైదాకా తీసేసి ఉంటాయి. జడలు చెవిమీద చుట్టలు చుట్టి, రిబ్బన్లతో, ముత్యాలతో బిగించారు. మెడలో ముత్యాలహారం, దాని కింద రత్నాల పేరు. వెనకాల ఎక్కడో అడుగున పొలాలు, కోటగోడలు, లోయ. ఆ ముఖంలో సంతోషం లేదు, దుఃఖమూ లేదు.

ఆ నిశ్చలత వెనక ఒక కథ ఉంది. బాతిస్తా 1446లో పుట్టింది. లాటిన్, గ్రీకు చదువుకుంది. పోపు రెండో పయస్ ఎదుట లాటిన్‌లో ప్రసంగించి మెప్పు పొందింది. 1460లో, పద్నాలుగేళ్లైనా సరిగా నిండకముందే, తనకంటే ఇరవై ఏళ్లకు పైగా పెద్దవాడైన ఫెదెరీకోకు భార్య అయింది. ఆయన యుద్ధాలకు వెళ్లినప్పుడు ఊర్బినో పాలన చూసుకుంది. వరసగా ఆడపిల్లలు. చివరికి 1472 జనవరిలో మగపిల్లవాడు. అదే ఏడు జులైలో ఆమె కన్నుమూసింది. ఆ చిత్రాన్ని పియెరో ఆమె పోయాక వేశాడని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. పలక వెనకవైపు ఉన్న లాటిన్ పద్యం ఆమె గురించి జరిగిపోయిన కాలంలో మాట్లాడుతుంది. అంత చదువు, అంత చాకచక్యం, అంత ప్రసవవేదన, అన్నీ ఆ తెల్లటి ముఖం వెనక మూతబడి ఉన్నాయి. నగలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనబడతాయి. ఆ కాలపు ధనికుల ఇళ్లలో స్త్రీ చిత్రం అంటే చాలావరకు అదే. ఎవరి కూతురు, ఎవరి ఇల్లాలు, ఏపాటి కట్నం వచ్చింది, ఏపాటి నగ పెట్టారు. ఇల్లు తన గొప్పను ఆమె ఒంటిమీద రాసుకునేది.

ఇరవై ఒక్కేళ్ల బొటెరో పియెరో దగ్గర నేర్చుకున్నది ఆ నిశ్చలతనే. నవ్వని, ఏడవని ముఖం. శిల్పంలా గుండ్రంగా, బరువుగా నిలబడ్డ ఒళ్లు. ఎక్కడా నీడలు ముసరని తేటరంగు. బొటెరో మనుషులందరి ముఖాల్లోనూ ఒకే ఖాళీ ఉందని, భావమే లేదని విమర్శకులు తప్పుపడుతుంటారు. బాతిస్తా ముందు నిలబడి వచ్చినవాళ్లకు ఆ ఖాళీ ఎక్కడిదో తెలుస్తుంది. అది చేతకానితనం కాదు. ఐదువందల ఏళ్లనాటి గురువు దగ్గర తెచ్చుకున్న ఆస్తి. 1998లో బొటెరో ఈ జంటచిత్రాన్నే రెండు పెద్ద కాన్వాసులుగా మళ్లీ వేశాడు. దాన్ని నేను అచ్చులోనే చూశాను. చెక్కపలకమీద చేతులతో పట్టుకోగలిగేంత ఉన్న బాతిస్తా అక్కడ నిండుగా, గదిలో చోటడిగే మనిషిలా మారింది.

మళ్లీ బొగొటాకు వద్దాం. ఇటలీలో వేసిన బొమ్మల్ని 1955లో బొటెరో ఇక్కడికి మోసుకొచ్చి ప్రదర్శన పెడితే ఎవరూ కొనలేదు. మరుసటి ఏడు మెక్సికో వెళ్లాడు. అక్కడ ఒకరోజు మాండలిన్ గీస్తూ, దాని మధ్యలో ఉండే రంధ్రాన్ని ఉండాల్సిన దానికంటే బాగా చిన్నగా పెట్టాడు. పెట్టగానే మాండలిన్ ఉబ్బిపోయింది. వాద్యాన్ని ఆయన పెద్దది చెయ్యలేదు. చుక్కను చిన్నది చేశాడు, వాద్యం తనంతట తానే కొండంత అయింది. బొటెరో శైలి పుట్టిన క్షణం అదేనని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ తర్వాత 1958లో మంతేన్యా చిత్రాన్ని తన తీరున మార్చి వేస్తే జాతీయ ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. మాంతువా కోటలోని పెళ్లిగది గోడలమీద ఆ ఇటలీ చిత్రకారుడు వేసిన రాజకుటుంబం దానికి మూలం. 1959లో ‘పన్నెండేళ్ల మోనాలిసా’ వేశాడు. 1961లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ దాన్ని కొంది. 1963లో లియొనార్డో మోనాలిసా పారిస్ నుంచి న్యూయార్క్ వచ్చి మెట్రొపాలిటన్ మ్యూజియంలో జనాన్ని కట్టిపడేస్తున్న రోజుల్లోనే, అదే ఊళ్లో బొటెరో పన్నెండేళ్ల పిల్ల కూడా ప్రదర్శనలో ఉంది. అమెరికాలో ఆకారమే లేని చిత్రకళ రాజ్యమేలుతున్న కాలం అది. మనుషుల బొమ్మలు, అందునా ఇంత నిండైన బొమ్మలు వేసేవాణ్ణి అక్కడి విమర్శకులు చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు.

బొగొటా మ్యూజియంలో ఉన్నది 1978లో వేసిన మోనాలిసా. గదిలోకి వెళ్తూనే నేను కాస్త వెనక్కి తగ్గాను. పారిస్‌లోని అసలు చిత్రం ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. ఇది దాదాపు మనిషి ఎత్తున, చదరానికి దగ్గరగా ఉంది. ఆ చదరం నిండా ఆమే. పాపిట తీసిన జుట్టు రెండువైపులా జారింది. చేతులు మూలచిత్రంలో లాగే ఒకదానిమీద ఒకటి. వెనకాలి కొండలూ ఆకాశమూ ఆమె భుజాలకు చోటిచ్చి అంచులకు ఒదిగాయి. లియొనార్డో చిత్రంలో చెంపకూ చీకటికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పలేం, పొగమంచులా ఒకదాంట్లో ఒకటి కరిగిపోతాయి. ఆమె నవ్వులోని మర్మమంతా ఆ పొగమంచులోనే ఉంది. బొటెరో ఆ మంచును తుడిచేశాడు. ఇక్కడ చెంప ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో స్పష్టం. నీడ లేదు, మర్మం లేదు.

కాస్త దగ్గరికి వెళ్లి కళ్లు, ముక్కు, నోరు మాత్రమే చూశాను. అవి పెద్దవి కావు. ముఖం మధ్యలో, ఒకచోట గుమిగూడినట్టు, చిన్నగా ఉన్నాయి. నోరు మరీ చిన్నది. కనుబొమల నుంచి జుట్టుదాకా, చెంప చివరినుంచి చెవిదాకా విశాలమైన మైదానం మిగిలిపోయింది. మాండలిన్ రంధ్రం కిటుకే ఇది. నేను నిలబడి చూస్తుండగా యూనిఫాం వేసుకున్న బడిపిల్లల గుంపు ఒకటి టీచరమ్మ వెంట వచ్చి నేలమీద బాసింపట్లు వేసుకుని కూర్చుంది. అందరి చేతుల్లోనూ పెన్సిళ్లు, కాగితాలు. నా పక్కనే కూర్చున్న తొమ్మిదీ పదేళ్ల కుర్రాడు ముందు కాగితం నిండా గుండ్రటి ముఖం గీశాడు. దాంట్లో పిల్లలంతా గీసినట్టే చారెడేసి కళ్లు పెట్టాడు. పైకి చూశాడు, కాగితం చూశాడు. ఏదో తేడా ఉంది. ముఖం చుట్టుగీతను చెరిపి ఇంకా పెద్దది చేశాడు. అయినా బొమ్మ బక్కగానే ఉంది. టీచరమ్మ వచ్చి వంగి, కళ్లమీద వేలు పెట్టి ఏదో చెప్పింది. వాడు కళ్లు చెరిపేసి, శనగగింజలంత చేసి, దగ్గరదగ్గరగా పెట్టాడు. కాగితంమీద ముఖం ఒక్కసారిగా ఉబ్బింది. వాడు చప్పట్లు కొట్టి పక్కవాడికి చూపించాడు. మెక్సికోలో 1956లో ఒక యువకుడికి దొరికింది ఆ పొద్దున ఆ పిల్లవాడికి దొరికింది.

ఆ కాగితం చూశాకే నా సందేహం తీరింది. వెక్కిరించాలనుకునేవాడు ముక్కునో నోటినో సాగదీస్తాడు. కార్టూను బతికేది ముఖంలోని లక్షణాలను పెంచడం మీదే. బొటెరో ఇక్కడ చేసింది సరిగ్గా దానికి ఎదురు పని. లక్షణాలను తగ్గించి, ఉనికిని పెంచాడు. తాను లావుపాటి ఆడవాళ్లను వెయ్యడం లేదని, తనకు కావలసింది ఘనపరిమాణమని ఆయన జీవితాంతం అన్నాడు. ఈ మ్యూజియంలో ఆడవాళ్లే కాదు, మగవాళ్లూ, గుర్రాలూ, పిల్లులూ, నారింజలూ, కాఫీ కూజాలూ అదే నిండుదనంతో ఉన్నాయి. పైగదిలో బల్లమీద పళ్లున్న బొమ్మ ఒకటి చూస్తే, పండు చెయ్యి చాచి అందుకోవాలనిపించేంత బరువుగా ఉంది. బాపు గీత దగ్గర సన్నటి నడుము, వాలుజడ చూస్తూ పెరిగిన కళ్లు నావి. ఆ కళ్లకు మొదట ఇదంతా అతిగా తోచింది. గంట గడిచేసరికి ఆ కొలతలు పక్కకు తప్పుకున్నాయి. కిందికి దిగి మోనాలిసా దగ్గరికి మళ్లీ వెళ్తే, ఆమెలో లావు కనబడలేదు. నిదానం కనబడింది.

బొటెరో స్త్రీవాది అని నేను చెప్పబోవడం లేదు. ఆయన ధ్యాసంతా ఆకారం, రంగు. కాని చిత్రకారుడి ధ్యాస ఒకటైతే, చిత్రం చేసే పని ఇంకొకటి కూడా కావచ్చు. మోనాలిసాగా మనమెరిగిన లిసా గెరార్దీనీ ఫ్లోరెన్స్‌లో 1479లో పుట్టింది. పదిహేనేళ్లకు పట్టువ్యాపారి ఫ్రాంచెస్కో దెల్ జొకోందోకు ఇచ్చి పెళ్లి చేశారు. 1503 ప్రాంతంలో లియొనార్డో ఆమె చిత్రం మొదలుపెట్టాడు. అది ఆ ఇంటికి చేరలేదు, చిత్రకారుడి వెంట ఫ్రాన్సు దాకా వెళ్లి రాజుగారి సొత్తయింది. తర్వాత శతాబ్దాల పాటు ఆమె నవ్వుకు అర్థాలు చెప్పినవాళ్లు ఎందరో. మోహిని అన్నారు, మాయావి అన్నారు, రోగి అన్నారు. పిల్లల్ని కని, పెంచి, ఇల్లు నడిపిన ఫ్లోరెన్స్ ఇల్లాలు ఆ అర్థాల కింద కప్పబడిపోయింది. బొటెరో మర్మాన్ని తుడిచేసినప్పుడు ఆ అర్థాలు కూడా తుడుచుకుపోయాయి. ఈ చదరంలో కూర్చున్నామె ఎవరికీ పొడుపుకథ కాదు. ఎవరి కట్నమో, ఎవరి పరువో కూడా కాదు. ఆమె ఒక మనిషి, ఆ చోటంతా ఆమెది, జరగమని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఇంట్లో, బస్సులో, సభలో ఒదిగి కూర్చోవడం చిన్నప్పటినుంచి నేర్చుకున్న ఆడదానిగా నాకు ఆ బొమ్మ ముందు కలిగింది ఊరట. దానికి ఇంతకంటే పెద్ద మాట వాడలేను.

నష్టం లేదనీ అనను. లియొనార్డో లిసా మన చూపును పట్టుకుని తిరిగి చూస్తుంది. ఆ చూపులో ఒక మనసు కదులుతుంది. బొటెరో లిసా చూపు మన దాకా రాదు, ఎక్కడో మధ్యలో ఆగుతుంది. ఒక మనిషి లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే పారిస్ వెళ్లాలి. ఒక మనిషి ఉండటం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే బొగొటా రావాలి. ఒకటి చూసినవాళ్లు రెండోదాన్ని మానుకుంటే సగమే చూసినట్టు.

మధ్యాహ్నానికి వాన మొదలైంది. బొగొటాలో ఎండా వానా ఒకే పూటలో వస్తాయి. మ్యూజియం పక్క వీధిలో చిన్న హోటల్లోకి దూరి అహియాకో తెప్పించుకున్నాను. మూడు రకాల బంగాళదుంపలు వేసి, ఒక రకం పూర్తిగా కరిగి చిక్కబడేదాకా ఉడికించే కోడి పులుసు అది. గ్వాస్కస్ అనే ఆకు పడితేగాని దానికి బొగొటా వాసన రాదట. మొక్కజొన్న కండె ఒకటి గిన్నెలోంచి తొంగిచూస్తూ ఉంటుంది. పక్కన మీగడ, కేపర్లు, అన్నం, అవకాడో ముక్క. వడ్డించినావిడ ప్రతి బల్ల దగ్గరా ఆగి, గిన్నె ఖాళీ అయిందా లేదా చూసి, ఖాళీ చెయ్యనివాళ్లను కోప్పడుతోంది. భుజాలు వెనక్కి, నడక నెమ్మది, హోటలంతా ఆమె చెప్పుచేతల్లో ఉంది. బొటెరో ఎక్కడినుంచో కొత్త మనుషుల్ని ఊహించుకు రాలేదని అప్పుడు అనిపించింది. ఇటలీలో నేర్చుకున్న నిశ్చలతను తెచ్చి తన ఊరి ఆడవాళ్ల ధీమాకు జతచేశాడు. ఆయన కాన్వాసుల్లోని పెంకుటిళ్లు, కొండలు, ఇరుకు వీధులు కొలంబియా చిన్న ఊళ్లవే. ఫ్లోరెన్స్ ఇల్లాలు ఈ కొండల నడుమ పరాయిగా తోచకపోవడానికి కారణం అదే.

బొటెరో ఎక్కువకాలం పరాయి దేశాల్లోనే బతికాడు. న్యూయార్క్, పారిస్, ఆ తర్వాత ఇటలీలో పాలరాతి పనికీ కంచుపోతకూ పేరున్న పియెత్రసాంతా. ఆ ఊళ్లోని చిన్న చర్చిలో స్వర్గం, నరకం ఎదురెదురు గోడలమీద ఫ్రెస్కోలుగా వేశాడు. ఇరవై ఒక్కేళ్ల వయసులో నేర్చిన విద్యను అరవై దాటాక ఆ దేశానికే తిరిగి అప్పజెప్పినట్టు. 2023 సెప్టెంబరులో మరణించాక, అదే ఏడు మేలో పోయిన భార్య, గ్రీకు కళాకారిణి సోఫియా వారీ పక్కనే, పియెత్రసాంతాలో ఆయన్ని ఖననం చేశారు. కాని కూడబెట్టిన సంపద మాత్రం ఇంటికే పంపాడు. బొగొటాకు ఈ మ్యూజియం, మెడెలిన్‌కు ఆంతియోకియా మ్యూజియంలో ఉన్న బొమ్మలు, దాని ఎదుట చౌకులో 23 కంచు విగ్రహాలు. దేశంలో దశాబ్దాల హింసను చిత్రించిన బొమ్మలను 2004లో నేషనల్ మ్యూజియానికి ఇచ్చాడు. వాటిని అమ్ముకోవడానికి ఆయన మనసొప్పలేదు.

సాయంత్రం మ్యూజియం మూసేలోపు ఇంకోసారి లోపలికి వెళ్లాను. టికెట్టు లేకపోవడంలోని సుఖం అదే. వానకు తలదాచుకోవడానికి వచ్చినవాళ్లు, పక్కనున్న లూయిస్ ఏంజెల్ అరాంగో లైబ్రరీలో చదువుకుని ఇంటికి పోతూ ఆగిన కాలేజీ పిల్లలు, మనవరాలిని ఎత్తుకున్న తాతగారు. ఎవరూ గైడు చెప్పింది వినడం లేదు, ఎవరూ గొంతు తగ్గించుకోవడం లేదు. మోనాలిసా ముందు బొమ్మ గురించి వాదించుకుంటున్న ఇద్దరు అమ్మాయిలు నవ్వుతున్నారు. ఆ నవ్వులో అపహాస్యం లేదు, చుట్టంతో ఉండే చనువుంది. పారిస్‌లో అద్దం వెనకున్న చిత్రంతో ఎవరికీ ఆ చనువు కుదరదు.

పుట్టిన ఊళ్లో ఒక్క అసలు చిత్రమైనా చూడలేకపోయిన పిల్లవాడు చేసిన పని ఇది. మహాచిత్రాలు ఐరోపావాళ్ల సొత్తు, మనం దూరంనుంచి చూసి దండం పెట్టుకోవాల్సినవి అని ఆయన అనుకోలేదు. అచ్చుకాగితంలో చూసినవాటిని వెతుక్కుంటూ వెళ్లాడు, నకళ్లు గీసి నేర్చుకున్నాడు, నేర్చుకున్నదాన్ని తన మనుషుల ఒంటితో మళ్లీ వేశాడు. వేసిందాన్ని తెచ్చి పిల్లలకు ఉచితంగా ఇచ్చాడు. ఈ నాలుగూ కలిస్తేనే అది వందనం. మన రాజమహేంద్రవరంలో ఇరవై ఎనిమిదేళ్లైనా నిండకముందే పోయిన దామెర్ల రామారావు చిత్రాలు ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. ఆ ఊరి బడిపిల్లల్లో ఎంతమంది పెన్సిలు పట్టుకుని వాటి ముందు కూర్చున్నారు? చుట్టుపక్కల జిల్లాల టీచర్లు ఎంతమంది పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లారు? గొప్ప బొమ్మ ముందు పిల్లల్ని నేలమీద కూర్చోబెట్టి, తప్పు గీయనిచ్చి, చెరిపి మళ్లీ గీయనివ్వడానికి కోట్ల నిధులు అక్కర్లేదు. ఒక బస్సు, ఒక టీచరు, ఒక పూట చాలు. అది చేసిన ఊళ్లోనే రేపు ఎవరో ఒకరు పాత బొమ్మను కొత్తగా చూస్తారు.